హైదరాబాద్ చుట్టుపక్కల తోటల్లో మనమే కోసుకుని కొనుక్కోవడం: ఎప్పుడు, ఎక్కడ, ఎలా వెళ్లాలి?

పాలపిట్ట (మియాపూర్)
జనవరి 6, రాత్రి 9.50

అందరికీ నమస్కారం. మా పాపకి ఆరేళ్లు, బాబుకి తొమ్మిది. కూరగాయలంటే వాళ్లకి తెలిసింది ఫోన్‌లో ఆర్డర్ పెడితే పది నిమిషాల్లో గుమ్మం ముందుకొచ్చే సంచీ. మొన్న బాబు కంది చెట్టు ఎలా ఉంటుందని అడిగితే ఫోన్‌లో ఫోటో చూపించాల్సి వచ్చింది. నేను పుట్టి పెరిగింది పల్లెలోనే. ఇది నాకు చాలా బాధగా ఉంది.

స్విమ్మింగ్ పూల్, రెయిన్ డాన్స్, బఫే ఉన్న రిసార్టులు వద్దు. నిజంగా పంట పండించి బతికే రైతు పొలం కావాలి. పిల్లలు చేత్తో కోయాలి, మేము వారానికి సరిపడా కూరగాయలు, పండ్లు డబ్బిచ్చి కొనుక్కుని రావాలి. ఇప్పుడు ఏ పంటలు ఉంటాయి? ముందు ఎవరిని అడగాలి? ఊరికే వెళ్లి గేటు దగ్గర నిలబడితే బాగుండదు కదా. మన వైపు తోటలే కాకుండా మిగతా జిల్లాల సంగతి కూడా చెప్పండి, సెలవులకి ప్లాన్ చేసుకుంటాం.

నల్లరేగడి (చేవెళ్ల దగ్గర)
జనవరి 6, రాత్రి 11.15

మేడం, నేను ఇక్కడ రైతునే. ద్రాక్ష పందిరి ఉంది, మిగతా భూమిలో క్యారెట్, ఆకుకూరలు, టమాటా, కొంచెం యాసంగి జొన్న వేస్తాం. మీలాగా అడిగి వచ్చేవాళ్లంటే మాకూ సంతోషం.

ముందు ద్రాక్ష గురించి చెప్తా, మా దగ్గరికి ఎక్కువమంది దాని కోసమే వస్తారు. అక్టోబర్‌లో కొమ్మ కత్తిరింపు చేస్తాం. అక్కడి నుంచి నాలుగు నెలలు, నాలుగున్నర నెలలకి కాయ తయారవుతుంది. అంటే ఫిబ్రవరి, మార్చి అసలు సీజన్. వెనక కత్తిరించిన తోటలు ఏప్రిల్ దాకా నడుస్తాయి. ఇప్పుడు జనవరిలో వస్తే గుత్తులు చూడ్డానికి నిండుగా ఉంటాయి, నోట్లో పెడితే పులుపు. ద్రాక్షకి ఒక గుణం ఉంది. కోసిన తర్వాత ఇంక తీపెక్కదు. జామ, మామిడి, సపోటా ఇంటికి తీసుకెళ్లాక మగ్గుతాయి, ద్రాక్ష మగ్గదు. కాబట్టి గుత్తి చివరన ఉన్న గింజ తిని చూడండి. పైన గింజలు ముందు తీపెక్కుతాయి, అడుగున గింజ కూడా తియ్యగా ఉంటేనే గుత్తి పండినట్టు.

కోసేటప్పుడు గుత్తిని చేత్తో గుంజవద్దు. కాడ పట్టుకుని కత్తెరతో కత్తిరించాలి, రెండో చెయ్యి కింద పెట్టుకోవాలి. గింజ మీద తెల్లగా బూడిద రాసినట్టు కనబడితే మందు అనుకుని భయపడతారు చాలామంది. అది చాలావరకు కాయకి పుట్టుకతో వచ్చే మైనపు పొర. చేత్తో తుడిస్తే కాయ తొందరగా వడిలిపోతుంది. తినే ముందు కడుక్కుంటే చాలు.

మందుల సంగతి కూడా దాచకుండా చెప్తా. ద్రాక్షకి బూజు తెగులు వస్తుంది, మబ్బు పట్టినా వాన పడ్డా మందు కొట్టక తప్పదు. కొట్టిన తర్వాత కోతకి ఎన్ని రోజులు ఆగాలో ఆ డబ్బా మీదే రాసి ఉంటుంది. అందుకే ఫోన్ చేసి రమ్మంటున్నా. "చివరిసారి మందు ఎప్పుడు కొట్టారు?" అని అడగండి. నిజాయితీ ఉన్న రైతు ఏమీ అనుకోడు.

జనవరిలో రావాలనుకుంటే క్యారెట్ పీకడానికి రండి. సంక్రాంతి దాటాక జొన్న కంకి పాలు పోసుకుని ఉంటుంది, ఊచబియ్యం (లేత జొన్న గింజలు) కాల్చుకుని తినొచ్చు.

లెక్కల మాస్టారు (వనస్థలిపురం)
జనవరి 7, ఉదయం 6.30

మంచి చర్చ. నాకొక సందేహం. తోటలో మనమే కోసుకుంటాం, మనమే మోసుకుంటాం, పెట్రోల్ మనదే. అలాంటప్పుడు బజారు ధర కంటే బాగా తక్కువ ఉండాలి కదా? పోయిన ఏడాది ఒక చోటికి వెళ్తే మనిషికింత అని ప్రవేశ రుసుము తీసుకుని, పైగా పండ్లు బజారు ధరకే అమ్మారు. పేరు చెప్పను. కుటుంబంతో వెళ్లినవాడు వెనక్కి రాలేక ఇచ్చేస్తాడు. ఇది న్యాయమేనా?

నల్లరేగడి (చేవెళ్ల దగ్గర)
జనవరి 7, మధ్యాహ్నం 1.20

మాస్టారూ, మీరు అడిగింది సరైన ప్రశ్నే. నా లెక్క నేను చెప్తా.

మండికి పంపితే క్రేట్లకి ఖర్చు, బండి కిరాయి, హమాలీ, కమీషన్, పైగా తరుగు పేరుతో కోత. అన్నీ పోగా చేతికొచ్చేది తక్కువ. 2024లో రిజర్వ్ బ్యాంక్ వాళ్ల పరిశోధన పత్రాలు వచ్చాయి. కొనేవాళ్లు పెట్టే రూపాయిలో ద్రాక్ష రైతుకి చేరేది 35 పైసలే అని, టమాటాకి 33 పైసలే అని అందులో లెక్కగట్టారు. నా అనుభవం కూడా అంతే. మీరు తోటలో నా చేతికి డబ్బిస్తే మధ్యలో పోయేది నాకు మిగులుతుంది. మీకు కూడా బజారు కంటే కొంత తగ్గించి ఇవ్వగలను, ఇస్తాను కూడా.

కానీ "మేమే కోసుకున్నాం కదా" అనే లెక్క మాత్రం కుదరదు. కూలీ కోస్తే గుత్తి చెడదు, గంటలో పదుల క్రేట్లు నిండుతాయి. ఇరవై మంది కుటుంబాలతో వస్తే ఒకరు పండని గుత్తి కోసి పడేస్తారు, ఒకరు నాలుగు గింజలు తిని గుత్తిని పందిరికే వదిలేస్తారు, అది కుళ్లి పక్క గుత్తులకి అంటుతుంది. వాళ్లతో తిరగడానికి ఇంట్లో ఇద్దరం పని మానుకోవాలి. అందుకని కొందరు రైతులు టికెట్ పెడుతున్నారు. పెట్టొచ్చు, కానీ ఫోన్‌లోనే చెప్పాలి, గేటు దగ్గర బోర్డు రాసి పెట్టాలి. దాచిపెట్టి గేటు దగ్గర అడగడం తప్పే. నేనైతే టికెట్ పెట్టలేదు. కోసిన ప్రతి గుత్తి తూకం వేసి కొనాలి అనే ఒక్క షరతు పెట్టాను.

పితికిపప్పు (మదనపల్లె)
జనవరి 7, రాత్రి 8.05

మా వైపు సంగతి చెప్తాను పాలపిట్టక్కా. డిసెంబర్, జనవరి నెలల్లో చిత్తూరు వైపు రావాలంటే అనపకాయల (చిక్కుడు జాతి, సొరకాయ కాదు) కోసం రావాలి. మంచు బాగా పడిన కాలంలో కాయకి ఒక జిడ్డు పడుతుంది, తెంపితే ఆ వాసన చేతికి అంటుకుని సాయంత్రం దాకా పోదు. ఆ వాసన ఉన్న కాయే కాయ. ఎక్కువ పొలాల్లో వేరుశెనగలోనో రాగుల్లోనో అంతర పంటగా వేస్తారు. పిల్లలకి కోయడం చాలా సులువు, నడుం ఎత్తు కూడా ఉండవు మొక్కలు.

ఇంటికి తెచ్చాక ఒలిచి, గింజల్ని నీళ్లలో నానబెట్టి, వేలితో పితికితే పైతోలు ఊడి లోపలి బద్ద టక్కున బయటికి దూకుతుంది. మా ఇంట్లో పిల్లలందరినీ కూర్చోబెట్టి ఆ పని చేయించేవాళ్లం. ఆ పితికిపప్పుతో కూర, దానికి రాగి సంగటి. ఇంతకన్నా చెప్పను, నోరూరుతోంది.

ఇంకోమాట. మదనపల్లె టమాటా మార్కెట్ కూడా తెల్లవారుజామున చూపించండి. బాబుకి తొమ్మిదేళ్లు కదా, వేలం పాట ఎలా జరుగుతుందో అర్థమవుతుంది. ఒకరోజు ధర ఆకాశంలో ఉంటుంది, ఇంకోరోజు కోత కూలీ కూడా గిట్టదు. పొలంలో టమాటా ఎర్రగా ఎందుకు వదిలేశారని అడిగితే జవాబు అక్కడ దొరుకుతుంది.

మంచుకొండ (విశాఖపట్నం)
జనవరి 8, ఉదయం 10.40

స్ట్రాబెర్రీ కోయించాలంటే లంబసింగి. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలం, వెయ్యి మీటర్ల ఎత్తు. డిసెంబర్ నుంచి మార్చి దాకా తోటలు ఉంటాయి. నేల మీద సాళ్లు పోసి ప్లాస్టిక్ షీటు పరిచి పెంచుతారు, పాపలాంటి పిల్లల ఎత్తుకి సరిగ్గా సరిపోయే పంట. తొడిమ దగ్గర తెలుపు లేకుండా పూర్తిగా ఎర్రబడిన పండే కోయమనండి, ఇది కూడా ద్రాక్షలాగే కోసిన తర్వాత తీపెక్కదు. వేలితో నొక్కి చూడకూడదు, నొక్కిన చోట సాయంత్రానికి నల్లబడుతుంది. తొడిమతో పాటే గిల్లి, వెడల్పు గిన్నెలో ఒకే వరసగా పెట్టుకుని తెచ్చుకోండి.

శని, ఆదివారాల్లో మాత్రం రావొద్దు. తెల్లారకముందే ఘాట్ రోడ్డు మీద కార్లు బారులు తీరతాయి. మంచు చూసి, ఫోటో దిగి, ప్లేట్లు, సీసాలు అక్కడే పడేసి వెళ్లేవాళ్లని చూస్తే కడుపు మండుతుంది. ఆ చెత్త కొండ దిగువన ఉన్న పొలాల్లోకే పోతుంది.

దారిలో గిరిజన రైతులు రాజ్మా, పసుపు, మిరియాలు, పిప్పళ్లు గుట్టలు పోసి అమ్ముతుంటారు. బేరం ఆడకండి. పట్నంలో షాపులో ప్యాకెట్ మీద ఉన్న ధర నోరెత్తకుండా ఇచ్చేవాళ్లం ఇక్కడ పది రూపాయల దగ్గర ఆగిపోతాం. అరకు కూడా కలుపుకుంటే నవంబర్ నుంచి జనవరి వరకు కాఫీ పండ్లు ఎర్రగా ఉంటాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే అల్లుకున్న మిరియం తీగ, రెండూ ఒకే చోట చూడొచ్చు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

తాటిముంజ (రాజమండ్రి)
జనవరి 8, మధ్యాహ్నం 3.30

గోదావరి వైపు రండి. ఇప్పుడైతే తేగలు. తాటిటెంకలు పాతిపెట్టిన పాతర తవ్వుతుంటే పిల్లలు కదలరు అక్కడి నుంచి. తవ్విన తేగల్ని అక్కడే కుండలో పెట్టి కాల్చి ఇస్తారు. టెంక పగలగొడితే లోపల తెల్లగా బురగుంజు. ముంజలు కావాలంటే ఏప్రిల్, మే నెలల్లో రావాలి. కడియపులంక నర్సరీల్లో ఒక పూట తిరిగితే పిల్లలు ఇంటికి మొక్క తెచ్చుకుంటారు.

మామిడి కోయాలంటే నూజివీడు, ఆగిరిపల్లి వైపు. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి అన్నీ ఉంటాయి. పొడుగు గెడకి చిక్కం కట్టి, కాయని అందులోకి తీసుకుని లాగుతారు. కాయ నేల మీద పడకూడదు, పడిందంటే లోపల దెబ్బతిని మగ్గేలోపు కుళ్లిపోతుంది. కోశాక ముచ్చిక కొంచెం ఉంచి, తలకిందులుగా పెట్టి సొన కారనివ్వాలి. ఆ సొన కాయకి అంటితే మచ్చ, మూతికి అంటితే పుండు. పిల్లలున్నారు కాబట్టి చెప్తున్నాను.

పచ్చికాయ తెచ్చుకుని ఇంట్లో వరిగడ్డిలో మగ్గపెట్టుకోండి. కార్బైడ్‌తో పండించడం నిషేధం, ఎథిలీన్ వాయువుతో మాత్రం పరిమితిలో అనుమతి ఉంది. మన గడ్డిలో మనం పెట్టుకుంటే ఆ టెన్షనే ఉండదు. ఆవకాయకి కాయ కావాలన్నా తోటలోనే కోయించుకోండి. టెంక గట్టిపడి, పీచుండి, పళ్లు పులిసిపోయేంత పులుపు ఉండాలి. కోసిన రోజే ముక్క కొడితే ఏడాదంతా ముక్క మెత్తబడదు.

వేపచిగురు (కొండాపూర్)
జనవరి 9, రాత్రి 10.10

ఈ మధ్య ప్రతి తోటకీ "ఆర్గానిక్" అని బోర్డు ఉంటోంది. ధర రెట్టింపు. నమ్మేది ఎలా? నాకు ఇంట్లో కేన్సర్‌తో కోలుకుంటున్న అమ్మ ఉంది, నాకిది సరదా విషయం కాదు.

జీవామృతం (అనంతపురం)
జనవరి 10, ఉదయం 7.00

వేపచిగురు గారూ, అమ్మగారు త్వరగా కోలుకోవాలి. నేను ప్రకృతి వ్యవసాయం చేసే రైతులతో పని చేస్తున్నాను, కాబట్టి వివరంగా చెప్తాను.

ప్యాకెట్‌లో కొంటే "జైవిక్ భారత్" అనే సేంద్రియ ఆహార గుర్తు చూడండి. రైతు గుంపుగా తీసుకునే పీజీఎస్ ఇండియా సర్టిఫికెట్ అని ఒకటి ఉంటుంది. ఒకే ఊరి రైతులు ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుని ఇచ్చుకునే పద్ధతి అది. రసాయనాలు మానేసి ఇంకా మారే దశలో ఉన్న పొలానికి "పీజీఎస్ గ్రీన్", పూర్తిగా మారిన పొలానికి "పీజీఎస్ ఆర్గానిక్" అని ఇస్తారు. ఉంటే చూపించమనండి.

సర్టిఫికెట్ లేనంత మాత్రాన అబద్ధమని కూడా కాదు, చిన్న రైతులు చాలామంది ఆ కాగితాల జోలికి వెళ్లరు. అప్పుడు పొలమే చూడాలి. జీవామృతం డ్రమ్ము ఎక్కడుందో అడగండి. ఎకరానికి సరిపడా అంటే 200 లీటర్ల నీళ్లు, పది కిలోల ఆవు పేడ, ఐదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడలో పెట్టి రోజూ కర్రతో కలుపుతూ రెండు రోజులు పులియబెడతారు. నిజంగా వాడే రైతు ఇంట్లో ఆ డ్రమ్ము వాసన గేటు దగ్గరికే వస్తుంది. పిల్లలకి ఆ కర్ర ఇచ్చి కలపమనండి, మొదట ముక్కు మూసుకుంటారు, తర్వాత వదలరు. ఆకు మీద పురుగు కొరికిన చిల్లులు ఉండాలి, గట్టు మీద పురుగుల్ని తమవైపు లాగే బంతి, ఆముదం లాంటి ఎర పంటలు ఉండాలి, ఒకే పంట కాకుండా నాలుగు రకాలు కలిసి ఉండాలి. కలుపు మందు కొట్టిన గట్టు చూడగానే తెలుస్తుంది, గడ్డి గోధుమ రంగులో మాడిపోయి ఉంటుంది.

మా రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ అనే ప్రభుత్వ సంస్థ ద్వారా 2016 నుంచి ఈ ప్రకృతి వ్యవసాయం పని జరుగుతోంది. 2024లో దీనికి పోర్చుగల్ ఫౌండేషన్ ఇచ్చే గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ 1990 నుంచి బీడు భూముల్ని పచ్చగా మార్చే పని చేస్తోంది. కొర్రలు, అండుకొర్రలు, వేరుశెనగ అక్కడి రైతుల సహకార సంఘమే కొని అమ్ముతుంది.

అమ్మగారి విషయంలో డాక్టరు చెప్పిందే మొదటి మాట. పచ్చివి తినొచ్చా లేదా అన్నది ఆయన్ని అడగండి.

వేపచిగురు (కొండాపూర్)
జనవరి 10, ఉదయం 9.25

చాలా ధన్యవాదాలండీ. డ్రమ్ము సంగతి ఎవరూ చెప్పలేదు నాకు ఇప్పటిదాకా.

పచ్చజొన్న (జహీరాబాద్)
జనవరి 10, రాత్రి 7.45

మా పాత పంటల జాతరకి రండి! సంక్రాంతి దగ్గర మొదలై దాదాపు నెల రోజులు ఊరూరూ తిరుగుతుంది. పాతికేళ్లుగా జరుగుతోంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు ఎడ్లబండ్లు అలంకరించి, బుట్టల నిండా సామలు, కొర్రలు, తైదలు, రకరకాల జొన్నలు, కందులు, అవిసెలు పెట్టుకుని వస్తారు. పాట పాడుకుంటూ, డప్పుతో. ఆ సంఘాలకి 2019లో ఐక్యరాజ్యసమితి తరఫున ఈక్వేటర్ బహుమతి ఇచ్చారు. ఆ బహుమతి వెనక ఉన్నది అక్షరం రాని మా అమ్మలు, అమ్మమ్మలు. ఏ విత్తనం ఏ కార్తెలో వేయాలో, బూడిదలో కలిపి ఎలా దాచాలో నోటితో చెప్పేస్తారు. పిల్లల్ని వాళ్ల పక్కన కూర్చోబెట్టండి చాలు.

బే ఏరియా తోటమాలి (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)
జనవరి 11, ఉదయం 8.15

మేము ఇక్కడ మే నెలాఖరు, జూన్ వచ్చిందంటే బ్రెంట్‌వుడ్ వెళ్తాం చెర్రీలు కోయడానికి. తెలుగు, తమిళం, పంజాబీ, చైనీస్ అన్నీ వినబడతాయి చెట్ల కింద. మామూలుగా తోట ముందు ధర రాసి ఉంటుంది, బకెట్ ఇస్తారు, నిచ్చెన ఎలా వాడాలో చెప్తారు, బయటికొచ్చేటప్పుడు తూకం. ఈరోజు ఏ వరసల్లో కోయాలో జెండా పెట్టి ఉంచుతారు, మిగతా వరసల్లోకి వెళ్లనివ్వరు. నల్లరేగడి అన్నా, ఆ జెండా పద్ధతి మీ తోటకి బాగా పనికొస్తుంది.

సముద్రం పక్కన హైవే 1 మీద, డావెన్‌పోర్ట్ దగ్గర స్వాంటన్ బెర్రీ ఫార్మ్ ఉంది. కాలిఫోర్నియాలో సేంద్రియ ధ్రువీకరణ పొందిన మొదటి స్ట్రాబెర్రీ తోటల్లో ఒకటి. అక్కడ కౌంటర్ దగ్గర మనిషి లేకపోయినా డబ్బుల డ్రాయర్ ఉంటుంది, మన సరుకు మనమే లెక్కేసుకుని డబ్బు పెట్టి చిల్లర తీసుకోవాలి. మా అబ్బాయికి ఆ డ్రాయర్ అంటే ఎంతో ఇష్టం, లెక్క వాడే చేస్తాడు. ఆ తోట పని వాళ్ల యూనియన్‌తో 1998లోనే ఒప్పందం చేసుకుంది కాబట్టి కూలీలకి బీమా, సెలవులు ఉన్నాయని చదివి ఇంకా సంతోషపడ్డాను. తోటకి వెళ్లినప్పుడు పండు చూస్తాం, కోసే చేతుల్ని కూడా చూడాలి కదా.

లెక్కల మాస్టారు (వనస్థలిపురం)
జనవరి 11, సాయంత్రం 5.50

ఒప్పుకుంటున్నాను నల్లరేగడి గారూ. ధర ముందే చెప్తే నాకు అభ్యంతరం లేదు. ఒక మాట మిగతావాళ్ల కోసం: ప్రతి వారం పొలానికి వెళ్లలేనివాళ్లకి రైతుబజారు ఉంది. 1999 జనవరి 26న మొదలయ్యాయి ఇవి. ఎర్రగడ్డ, మెహిదీపట్నం, కూకట్‌పల్లి, సరూర్‌నగర్, మా వనస్థలిపురం. టోకు ధరకి పైన, బయట చిల్లర ధరకి కింద ఉండేలా ధర నిర్ణయించి బోర్డు మీద రాస్తారు. గుర్తింపు కార్డు ఉన్న రైతు దగ్గర కొంటే అతని పొలం ఎక్కడో అక్కడే అడగొచ్చు. మా ఇంటికి దగ్గరి రైతుని నేను అలాగే పరిచయం చేసుకున్నాను. ఉదయం ఏడులోపు వెళ్లాలి, ఆ తర్వాత అందరూ ఏరుకోగా మిగిలిన కూరగాయలే ఉంటాయి.

నల్లరేగడి (చేవెళ్ల దగ్గర)
జనవరి 11, రాత్రి 9.30

తోటమాలి అన్నా, జెండా మాట చాలా బాగుంది, ఈ సీజన్‌లోనే పెడతా.

మేడం, వచ్చే ముందు కొన్ని జాగ్రత్తలు. చెప్పులు కాదు, బూట్లు వేయించండి పిల్లలకి. పొలంలో నీటి గుంట, సంపు ఉంటాయి, పిల్లల చెయ్యి వదలొద్దు. బోరు స్టార్టర్ డబ్బా ముట్టుకోనివ్వొద్దు. డ్రిప్పు పైపుల మీద నడవకండి, ఒక కనెక్షన్ ఊడితే ఆ సాలంతా ఎండిపోతుంది. స్పీకర్ పెట్టి పాటలు వద్దు, పక్క పొలంలో ఈనిన బర్రె ఉంటుంది, కూలీలు పని చేస్తుంటారు. సంచులు, క్రేటు మీరే తెచ్చుకోండి. పొద్దున్నే ఏడింటికి రండి, ఎండ ఎక్కాక కోసిన ఆకుకూర ఇంటికి చేరేలోపు వాడిపోతుంది.

ఇంకో సంగతి, ఇక్కడ తోటలు ఇంకా ఉన్నాయంటే ఒక కారణం 1996 నాటి 111 జీవో. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల్లోకి నీళ్లు వచ్చే 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలు కట్టొద్దన్నారు. దాని మీద గొడవలు, రాజకీయాలు చాలా ఉన్నాయి, భూమి ధర రాలేదని బాధపడే రైతులూ ఉన్నారు, వాళ్ల బాధ నిజం. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టూ ఎటు చూసినా అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పందిళ్లే ఉండేవని మా నాయన చెప్తాడు. ఇప్పుడు వాటిలో చాలావరకు వెంచర్లయ్యాయి. మీలాంటివాళ్లు ఏటా వచ్చి కొంటుంటే, అమ్మేయాలా వద్దా అని ఊగిసలాడే రైతుకి ఉంచుకోవడానికి ఒక కారణం దొరుకుతుంది. అందుకే పని మానుకుని ఇంత పొడుగు రాస్తున్నా.

పాలపిట్ట (మియాపూర్)
ఫిబ్రవరి 23, రాత్రి 8.40

వెళ్లొచ్చాం. జనవరి ఆఖరులో క్యారెట్‌కి, ఇవాళ ద్రాక్షకి.

క్యారెట్ రోజు బాబు మొదట ఆకు పట్టుకుని గుంజితే ఆకు చేతికొచ్చి గడ్డ నేలలోనే ఉండిపోయింది. నల్లరేగడి గారి అమ్మగారు వచ్చి "మొదలు దగ్గర పట్టు బిడ్డా, అటూ ఇటూ కదిలించి లాగు" అని చూపించారు. వచ్చిన గడ్డకి రెండు కాళ్లున్నాయని వాడు ఎవరికీ ఇవ్వకుండా జేబులో పెట్టుకున్నాడు. ఆవిడే జొన్న కంకులు పిడకల నిప్పుల మీద తిప్పుతూ కాల్చి, వేడిగా ఉండగానే గోనె సంచి మీద వేసి అరచేత్తో నలిపారు. చేటలో చెరిగితే పొట్టు ఎగిరిపోయి పచ్చని గింజలు మిగిలాయి. కొంచెం బెల్లం ముక్కతో తిన్నాం. పాలపాలగా, కాస్త పొగ వాసనతో ఉన్నాయి. మహారాష్ట్రలో దీన్నే హుర్డా అని, చలికాలంలో పొలాల్లో పార్టీలు పెట్టి టికెట్ మీద తినిపిస్తారని మా పక్కింటి పుణే వాళ్లు చెప్పారు. మన దగ్గర ఎందుకు పెట్టుకోకూడదు?

ఇవాళ ద్రాక్షకి జెండాలు కట్టి ఉన్నాయి, తోటమాలి గారూ! పందిరి ఎత్తు పాపకి అందక మావారు భుజాల మీద కూర్చోబెట్టుకున్నారు. ఆకుల సందుల్లోంచి వచ్చే వెలుతురులో గింజ లోపలి విత్తనం కనబడుతుంటే లెక్కపెట్టింది. ఒక్కో గుత్తి అడుగు గింజ తిని చూసి, "ఇది ఓకే, ఇది వద్దు" అని తనే చెప్పింది. ధర బోర్డు మీద రాసి ఉంది, మా కాలనీ బండి మీద కంటే తక్కువే. ఆకుకూరలు, టమాటా కూడా కొన్నాం. మెంతికూర వేర్లతో సహా ఇచ్చారు, తడి గుడ్డలో చుట్టి పెట్టాను.

మా అపార్ట్‌మెంట్‌లో ఇంకొన్ని కుటుంబాలు అడుగుతున్నాయి. అందరం ఒకేసారి వస్తే మీకు ఇబ్బంది కాబట్టి రెండు విడతలుగా వద్దామనుకుంటున్నాం. వారం వారం ఒకరు వచ్చి అందరికీ కూరగాయలు తీసుకెళ్తే మీకు వీలవుతుందా? డబ్బు నెల మొదట్లోనే ఇచ్చేస్తాం.

నల్లరేగడి (చేవెళ్ల దగ్గర)
ఫిబ్రవరి 24, ఉదయం 5.40

మా అమ్మ చాలా సంబరపడింది మేడం, చదివి వినిపించా.

వారం పద్ధతి తప్పకుండా వీలవుతుంది. ముందు డబ్బిస్తే విత్తనానికి, కూలీకి అప్పు తేకుండా సరిపోతుంది. కాకపోతే ఆ వారం పొలంలో ఏది ఉంటే అదే వస్తుంది. ఎండాకాలంలో గోంగూర, తోటకూర, బెండ, దోస ఎక్కువ. వడగండ్లు పడితే ఒక వారం ఏమీ రాకపోవచ్చు. అది అందరికీ ముందే చెప్పి ఒప్పుకున్నవాళ్ల పేర్లే రాయండి. ఐదారు ఇళ్లతో మొదలుపెడదాం.

తాటిముంజ (రాజమండ్రి)
ఫిబ్రవరి 24, ఉదయం 9.10

చదువుతుంటే కడుపు నిండింది. మే నెలలో నూజివీడు మర్చిపోకండి.

వేపచిగురు (కొండాపూర్)
ఫిబ్రవరి 25, రాత్రి 9.00

సీతాఫలాలు ఎప్పుడు, ఎక్కడ? అమ్మకి చాలా ఇష్టం. డాక్టరు కూడా తినమన్నారు.

పచ్చజొన్న (జహీరాబాద్)
ఫిబ్రవరి 26, ఉదయం 6.50

సెప్టెంబర్ ఆఖరు నుంచి నవంబర్ దాకా. మహబూబ్‌నగర్ వైపు బాలానగర్ కాయ పేరున్నది. కళ్లు విచ్చుకుని, సందుల్లో పసుపు తెలుపు రంగు కనబడిన కాయ కోయాలి, రెండు మూడు రోజుల్లో మగ్గుతుంది. కళ్లు విచ్చుకోని కాయ కోస్తే మగ్గకుండా నల్లబడుతుంది. అమ్మగారిని కూడా తీసుకురండి, చెట్లు పొట్టివి, నిలబడే కోసుకోవచ్చు.

నల్లరేగడి (చేవెళ్ల దగ్గర)
ఫిబ్రవరి 27, సాయంత్రం 6.15

అందరికీ ఒక సమాచారం. రెండు రోజులుగా మబ్బు పట్టి ఉంది, వెనక కోత బ్లాకులో ఇవాళ మందు కొట్టాల్సి వచ్చింది. వచ్చే ఆదివారం ద్రాక్ష కోతకి ఎవరూ రావద్దు. ఆకుకూరలకి, క్యారెట్‌కి రావొచ్చు, అవి వేరే చెలకలో ఉన్నాయి. డబ్బా మీద రాసిన గడువు దాటాక ఇక్కడే చెప్తా.